నాన్న కాళ్ళ కింద నీడ

గూడూరులో మా నానమ్మ ఇంటి హాల్లో ఒక ఫోటో ఉండేది. తాతయ్య కుర్చీలో కూర్చుని ఉంటారు, నానమ్మ పక్కన నిలబడి ఉంటుంది. నిజానికి వాళ్ళిద్దరూ కలిసి ఎప్పుడూ ఫోటో దిగలేదు. తాతయ్య పోయాక ఆయన ఒక్కరే దిగిన ఫోటో ఒకటీ, నానమ్మది ఒకటీ పట్టుకెళ్ళి బజార్లో స్టూడియో ఆయన చేత కలిపించారు. తాతయ్య ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడుతుంది, నానమ్మకి కుడి నుంచి. తాతయ్య తల ఉండాల్సినదానికంటే పిసరంత పెద్దది. ఆయన భుజం చుట్టూ సన్న కుంచెతో నల్లగా దిద్దిన గీత ఒకటి. వేసవి సెలవుల్లో మేం పిల్లలం స్టూలెక్కి, అద్దం మీద వేలు పెట్టి ఆ గీత వెంబడి జరుపుతూ "ఇక్కడిదాకా తాతయ్య, ఇక్కణ్ణుంచి నానమ్మ" అని హద్దులు తేల్చుకునేవాళ్ళం. ఇంట్లో దాని పేరే అతికించిన ఫోటో. "ఆ అతికించిన ఫోటో కాస్త తుడవండే" అనేది నానమ్మ. అందులో దాచుకోవాల్సింది ఉందని ఆవిడకి ఎప్పుడూ తోచలేదు.

ఇప్పుడు చెన్నైలో నేను చేసే ఉద్యోగం సరిగ్గా ఆ స్టూడియో ఆయన పనే. కంపోజిటింగ్ అంటారు. ఒకచోట తీసిన మనిషిని ఇంకోచోట తీసిన కొండ ముందు నిలబెట్టడం, వైర్లు చెరిపెయ్యడం, ఆకాశం మార్చడం. పధ్నాలుగేళ్ళయింది, అందులో మొదటి మూడేళ్ళు రోటో. తెలియనివాళ్ళ కోసం: రోటో అంటే మనిషి అంచు వెంబడి ఫ్రేము ఫ్రేముకీ గీత సరిచేసుకుంటూ పోవడం. సెకనుకి 24 ఫ్రేములు. నాలుగు సెకన్ల షాటులో 96 సార్లు అదే చెవి, అదే జుట్టు, అదే జుంకా. కొన్నాళ్ళకి కళ్ళు పాడైపోతాయి. చూపు తగ్గుతుందని కాదు, పెళ్ళికెళ్తే పెళ్ళికూతురి కంటే ముందు పెళ్ళికూతురి అంచు కనబడుతుంది. మా ఆఫీసులో వేదవాక్కు ఒక్కటే, అతుకు కనబడకూడదు. కనబడిందా, షాటు మర్నాడు పొద్దున్నే వెనక్కొస్తుంది, పక్కన ఎర్ర అక్షరాల్లో 'ఎడ్జ్ చూడండి' అని నోటుతో.

సినిమాలో ఆ మాట అలా ఉండాల్సిందే. అది సినిమా దాటి మన ఇళ్ళ గోడల మీదికి వచ్చెయ్యడంతోనే నాకు తగువు. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి నేను చేసిన నిర్వాకంతోనే మొదలుపెడతాను.

నాన్న 2016లో పోయాడు. మరుసటి ఏడు అక్క పెళ్ళి. పెళ్ళి హడావిడి తగ్గాక అక్క ఫోన్ చేసి "నాన్న నా పక్కన ఉన్నట్టు ఒక్క ఫోటో చేసిపెట్టవే, నీకు చేతనైన పనేగా" అంది. 2012లో బాబాయి కూతురి పెళ్ళిలో తీసిన నాన్న నిలువెత్తు ఫోటో దొరికింది. పట్టుపంచె, నీలం అంచు కండువా. రెండు రాత్రులు కూర్చున్నాను. అంచు కొయ్యడం పెద్ద పని కాదు, వెలుగు దగ్గరే అసలు తంటా. అక్క పెళ్ళిలో ఫ్లాషు కుడి నుంచి కొట్టారు, నాన్న ఫోటోలో ఎడమ నుంచి. నాన్నని అద్దంలోలా తిప్పేశాను. తిప్పితే వాచీ కుడిచేతికి వచ్చింది, కండువా భుజం మారింది. వాచీని మళ్ళీ కోసి ఎడమచేతికి కట్టాను, కండువాని సగం మళ్ళీ గీశాను. చివరికి పాదాలు. మనిషిని ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టినప్పుడు పట్టిచ్చేది ముఖం కాదు, పాదాలే. నేలకి ఆనకపోతే ఎంత బాగా కోసినా గాల్లో తేలుతుంటాడు. ఎర్ర తివాచీ మీద పాదం ఆనిన చోట చిక్కగా, దూరం జరిగేకొద్దీ పల్చగా నీడ వేశాను. తివాచీ ఎరుపు పంచె అంచుకి కాస్త అంటేలా కూడా చేశాను. చెప్పుకోకూడదు కానీ, అంత నీడ కోట్లు పెట్టి తీసిన సినిమాలకి కూడా నేను వెయ్యలేదు. చూడగానే అక్క ఏడ్చేసింది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. కాన్వాసు మీద ప్రింటు వేయించి పెరంబూరులో అక్కావాళ్ళ హాల్లో తగిలించారు.

నిరుడు అక్క కూతురికి స్కూల్లో మీ కుటుంబం గురించి రాసుకు రమ్మన్నారు. రెండో తరగతి. 'మా తాతయ్య అమ్మ పెళ్ళి అయిపోయాక దేవుడి దగ్గరికి వెళ్ళారు' అని రాసింది. పిల్ల కదా, కాదమ్మా అంతకుముందే అని నేను సరిదిద్దబోతున్నాను. పక్కనుంచి అక్క అంది, "ఆ నీలం అంచు కండువా నా పెళ్ళికేగా, టీ నగర్‌లో కొన్నది." అని, ఆగిపోయింది. నా వైపు చూసింది. తర్వాత చాలాసేపు మేమిద్దరం ఆ పిల్ల నోటుబుక్కుకి అట్ట వేసే పనిలో చాలా శ్రద్ధగా మునిగిపోయాం.

ఇది మా అక్క ఒక్కదాని సంగతే కాదు. 2002లో న్యూజిలాండ్ పరిశోధకులు 20 మంది పెద్దవాళ్ళ చిన్ననాటి ఫోటోలు వాళ్ళ ఇళ్ళనుంచి తెప్పించారు. చిన్నప్పుడు ఎప్పుడూ ఎక్కని వేడిగాలి బెలూన్లో ఎక్కినట్టు ఒక ఫోటో తయారుచేసి నిజమైనవాటి మధ్యలో కలిపేశారు. మూడు విడతలుగా కూర్చోబెట్టి అడిగేసరికి సగం మందికి ఎంతో కొంత ఆ బెలూన్ ప్రయాణం 'గుర్తుకొచ్చింది'. మా అక్కకి ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యలేదు. ఎనిమిదేళ్ళపాటు రోజూ హాల్లో ఎదురుగా ఉంది, అంతే. అదే గూడూరు ఫోటో నలభై ఏళ్ళు గోడ మీదున్నా ఎవరి జ్ఞాపకంలోనూ ఒక్క మేకు కూడా కదపలేదు. భుజం మీది ఆ నల్లగీత కదపనివ్వలేదు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ వెయ్యడం అని మనం ఒకే మాటగా అంటాం కానీ అవి రెండు వేరువేరు పనులు. ఒకటి కలపడం, రెండోది అతకడం. పాలలో నీళ్ళు పోసినట్టు ఒకటి, చిరిగిన గుడ్డకి మాసిక వేసినట్టు ఇంకొకటి.

కలపడం అంటే ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ పడనివ్వడం. డబుల్ ఎక్స్‌పోజర్, సూపర్ ఇంపోజ్ అని మనవాళ్ళు ఎప్పట్నుంచో అంటున్నదే. ఫిల్ము తినేది వెలుగే. మొదటి బొమ్మలో తెల్లగా ఉన్నచోట దాని కడుపు నిండిపోతుంది, రెండోసారి ఎంత వడ్డించినా పట్టదు. నల్లగా ఉన్నచోట ఇంకా ఆకలితో ఉంటుంది, రెండో బొమ్మ అక్కడ కూర్చుంటుంది. అందుకే దెయ్యాలనీ దేవతలనీ నల్ల వెల్వెట్ తెర ముందు తీసేవాళ్ళు. రెండు బొమ్మలూ సమానంగా కావాలంటే ఒక్కోదానికి సగం వెలుగే ఇవ్వాలి, లేకపోతే రెండూ కలిసి తెల్లగా మాడిపోతాయి. ఈ సగం సగం లెక్క నాకు చాలా ఇష్టం. ఏదీ రెండోదాన్ని పూర్తిగా మింగెయ్యదు. రెండూ కాస్త కాస్త తగ్గి ఒకే చోట సర్దుకుంటాయి.

1870ల్లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషాయన దీన్నో కొలబద్దగా వాడబోయాడు. ఖైదీల ముఖాలన్నీ కళ్ళమీద కళ్ళు పడేలా ఒకే పలక మీద వరుసగా తీశాడు. ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరికి ఎనిమిదో వంతు వెలుగు. అన్నీ కలిస్తే నేరస్థుడి అసలు ముఖం తేలుతుందని ఆశ. తీరా చూస్తే ఎవరి కరుకుదనం వాళ్ళతోనే పోయి, విడివిడి ముఖాలకంటే చక్కటి ముఖం ఒకటి తేలింది. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. 'మంచి' వంశాల మనుషుల్నే పెంచాలనే యూజెనిక్స్ సిద్ధాంతానికి ఆ పేరు పుట్టించింది కూడా ఈయనే కాబట్టి ఆ మనిషి మీద నాకేమీ గౌరవం లేదు. పలక మాత్రం ఆయన మాట వినలేదు, అది చాలు నాకు.

మన పాత సినిమాల్లో అంతరాత్మ సీను తలుచుకోండి. హీరో తప్పు చేసి గదిలో అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఒంట్లోంచి ఇంకొకాయన లేచొస్తాడు, పల్చగా, పొట్టలోంచి వెనక కిటికీ ఊచలు కనబడేలా. వేలెత్తి తిడతాడు. ఇతను గదిలో నిజంగా లేడని చెప్పడానికి డైలాగు అక్కర్లేదు, ఆ పల్చదనమే చెబుతుంది. నేల టిక్కెట్టు జనానికి కూడా ఒక్క క్షణం అనుమానం రాలేదు. చందమామలో ప్రియుడి ముఖం, హారతి మంట మీద దేవుడి ముఖం, "ఆ రోజుల్లో…" అనగానే ముసలి ముఖంలోంచి తేలే పడుచు ముఖం. అదంతా కలపడమే. ఇప్పుడు ఎవరైనా డైరెక్టరుకి అలాంటి డిజాల్వ్ చూపిస్తే సీరియల్‌లా ఉందండీ అంటారు.

అతకడం గురించి చెప్పాలంటే మా వీధి పెద్దాయన గురించి చెప్పాలి. సాలిగ్రామంలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటారు. కుర్రతనంలో తెనాలి నుంచి మద్రాసొచ్చి కోడంబాకం స్టూడియోల్లో కెమెరా అసిస్టెంటుగా చేశారు. వీధిలో తెలుగువాళ్ళకీ తమిళులకీ కూడా ఆయన కెమెరా తాతగారే. మాస్కు షాటు గురించి, అంటే ఒకే నటుణ్ణి ఒకే ఫ్రేములో రెండు వేషాల్లో చూపించడం గురించి, ఆయన చెబితే వినాలి.

"ముందు కెమెరాని కట్టేస్తాం అమ్మాయ్. ఇసక బస్తాలేసి, ఆ చుట్టుపక్కల ఎవర్నీ అడుగు పెట్టనివ్వం. లెన్సు ముందు సగానికి నల్ల అట్ట. ఇటు సగంలో అన్నయ్య వేషం తీస్తాం. తియ్యగానే మూత పెట్టి ఫిల్ము వెనక్కి తిప్పాలి. ఎన్ని అడుగులు తిరిగింది, ఎన్ని ఫ్రేములు, అంతా కాగితం మీద. ఆయన మేకప్పు మార్చుకుని తమ్ముడిగా వచ్చేసరికి రెండు గంటలు. అప్పుడు అట్ట ఇటు తిప్పి అటు సగం. ఎదురుగా ఎవరూ ఉండరు, ఖాళీ చోటుతో మాట్లాడాలి. మొదట పడిందేమిటో చూసుకునే వీల్లేదు. లాబ్ నుంచి ప్రింటు వచ్చేదాకా కడుపులో టెన్షనే."

ఒకసారి ఆయన రాసిన కాగితంలో ఒకటి ఏడులా కనబడిందట. 41 అడుగులు వెనక్కి తిప్పాల్సింది 47 తిప్పారు. ఆరడుగుల తేడా. 35 ఎమ్మెమ్‌లో అడుగుకి 16 ఫ్రేములు కాబట్టి 96 ఫ్రేములు, అంటే నాలుగు సెకన్లు. తెర మీద చూస్తే అన్నయ్య అడక్కముందే తమ్ముడు జవాబు చెప్పేశాడు. ఆ పూట ఆయన తిన్న తిట్లు ఇప్పటికీ వరసగా అప్పజెబుతారు, కెమెరామాన్ గొంతుతో సహా. అప్పట్నుంచి ఒకటికి కింద గీత గీసే అలవాటట. మొన్న నాకు మామిడికాయ పచ్చడి కొలతలు రాసిచ్చినా ఒకటి కింద గీత ఉంది.

ద్విపాత్రాభినయం సీన్లలో ఇద్దరి మధ్యా ఒక స్తంభమో, తలుపు చట్రమో, నిలువు తెరో ఎందుకుంటుందో ఆయన చెప్పాకే నాకు తెలిసింది. అట్ట అంచు పడేది అక్కడే. చెయ్యి ఆ గీత దాటిందంటే వేళ్ళు మాయమవుతాయి. ఇద్దరూ కౌగిలించుకోవాలంటే వీపు చూపించడానికి డూపు రావాలి. ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. 1898లోనే ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ తన తల తీసి బల్ల మీద పెట్టి, ఇంకోటి మొలిపించుకుని, దాన్నీ తీసి, నల్ల తెర ముందు నాలుగు తలలు చేశాడు. 1900లో ఏడుగురు మెలియెస్‌లు ఒకే వరసలో కూర్చుని కచేరీ చేశారు. మన దగ్గర 1961లో ఎన్టీఆర్ 'శ్రీ సీతారామ కళ్యాణం'లో రావణుడైనప్పుడు ఆ పది తలల వెనక ఉన్న కెమెరా రవికాంత్ నగాయిచ్‌ది. తాతగారు ఆ పేరెత్తితే కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైన అతుకు మాత్రం 1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని. శశిరేఖ పెట్టె మూత తెరిస్తే అభిమన్యుడు కనబడతాడు. బొమ్మలో బొమ్మ. పెట్టె అంచే అతుకు. దాన్ని దాచలేదు, నగిషీ చెక్కి మరీ చూపించారు. మార్కస్ బార్‌ట్లే కెమెరా పట్టిన ఆ వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు వడపళని మాల్ ఉంది. ఎస్కలేటర్ ఎక్కుతూ పెట్టెలాంటి ఫోన్లు తెరిచి ఎవరి అభిమన్యుణ్ణి వాళ్ళు చూసుకుంటుంటారు జనం.

తర్వాత అట్ట పోయి రంగు వచ్చింది. 1940 నాటి ఒక సినిమాకి లారీ బట్లర్ అనే ఆయన నీలం తెర ముందు నటుల్ని తీసి, ఆ నీలాన్ని మాత్రం మాయం చేసే పద్ధతితో ఆస్కార్ కొట్టాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఆకుపచ్చ, మనవాళ్ళు గ్రీన్ మ్యాట్ అంటారు. మనిషి చర్మంలో ఆ రంగు తక్కువ, డిజిటల్ కెమెరా కన్ను ఆకుపచ్చని అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. హాలీవుడ్‌కి లేని కష్టం మాకొకటుంది. నీలమేఘశ్యాముణ్ణి బ్లూ మ్యాట్ ముందు నిలబెడితే ముందు దేవుడే అంతర్ధానమైపోతాడు. పోనీ గ్రీన్ అంటే హీరోయిన్‌కి చిలకపచ్చ పట్టుచీర.

1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు, ఒక బొమ్మని ఇంకోదానితో ఎన్ని రకాలుగా జత చెయ్యచ్చో లెక్కగా రాసిపెట్టారు. మేం రోజూ వాడేదాని పేరు ఓవర్. బొమ్మలో ప్రతి చుక్కకీ ఆల్ఫా అని ఒక అంకె ఉంటుంది. ఒకటి అయితే వెనకది అసలు కనబడదు. సున్నా అయితే పైది లేనట్టే. మధ్యలో ఉంటే రెండూ కాస్త కాస్త. జుట్టు చివర్లు, పొగ, పల్చటి ఓణీ, కదిలే చెయ్యి, ఇవన్నీ మధ్య అంకెలు. నా జీతమంతా ఆ మధ్య అంకెల్లోనే ఉంది.

ఫోటోషాప్‌లోకి లేయర్లు 1994లో వచ్చాయి. అందులో పై లేయరు కింది లేయర్ని ఎలా చూడాలో చెప్పే పట్టీ ఒకటి ఉంటుంది. రెండు స్లైడులు ఒకే తెర మీద వేసినట్టు రెండు బొమ్మలూ కనబడాలంటే 'స్క్రీన్' ఎంచుకోవాలి. పైది కిందిదాన్ని పూర్తిగా కప్పెయ్యాలంటే ఏమీ ఎంచుకోనక్కర్లేదు, మొదట్నుంచీ అదే ఉంటుంది. దాని పేరు 'నార్మల్'. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న ఆ మాట ఈ మధ్యే నన్ను గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

సినిమాకి టిక్కెట్టు ఉంది. నూట తొంభై రూపాయలు పెట్టి చీకట్లో కూర్చున్నవాడికి తను దేనికొచ్చాడో తెలుసు, ఎంత బాగా మోసం చేస్తే అంత సంతోషం. మా హాల్లో గోడకి టిక్కెట్టు లేదు. రెండో తరగతి పిల్లకి అసలే లేదు. సినిమా కోసం నేర్చిన చేతిపనిని టిక్కెట్టు లేని చోటికి తీసుకెళ్ళాను, నేను చేసిన తప్పు అదొక్కటే.

నా మాటకి నాకే ఎదురొచ్చే కథ ఒకటుంది. 1860ల్లో అమెరికాలో, బోస్టన్‌లో, విలియం మమ్లర్ అనే ఫోటోగ్రాఫరు దగ్గరికి వెళ్ళి కూర్చుంటే ఫోటోలో పక్కన పోయినవాళ్ళు కూడా వచ్చేవారు, తెల్లగా, పొగలా. అంతర్యుద్ధం రోజులు, ఎన్నో ఇళ్ళలో కొడుకులు పోయారు. గిరాకీకి కొదవేముంది. 1869లో న్యూయార్కులో కేసు పెట్టారు, వింతల ప్రదర్శనలతో పేరుమోసిన బార్నమ్ వచ్చి అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు, అయినా విడుదలయ్యాడు. తర్వాత లింకన్ భార్య మేరీ కూడా ఆయన ముందు కూర్చుంది. ఆమె భుజాల మీద చేతులేసి లింకన్ పల్చగా నిలబడ్డాడు.

చూశారుగా, మమ్లర్‌ది కలిపిన బొమ్మే. అతుకు కాదు. పల్చగానే ఉంది. అయినా మోసమే. ఆత్మలు పల్చగా ఉంటాయని నమ్మేవాళ్ళకి పల్చదనమే రుజువైపోయింది. అంటే కలపడం మంచిది, అతకడం చెడ్డది అని గీత గీస్తే చెల్లదు. అదే కాలంలో, 1858లో, ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ చావుకి దగ్గరైన అమ్మాయి, చుట్టూ ఇంట్లోవాళ్ళు ఉన్నట్టు ఒక ఫోటో చేశాడు. అయిదు నెగటివ్‌లు కలిపి కుట్టింది. ఇంత బాధని కెమెరాతో తీస్తావా అని జనం కోప్పడ్డారు. ఆయన నెగటివ్‌ల సంగతి దాచలేదు. అడిగినవాళ్ళకి ఎలా చేశాడో చెప్పాడు, రాశాడు. మమ్లర్ మాత్రం కోర్టులో కూడా చెప్పలేదు. గూడూరు స్టూడియో ఆయన మమ్లర్ వైపు కాదు, రాబిన్సన్ వైపు. ఆయన చెప్పనక్కర్లేకుండా ఆ గీతే చెప్పింది, మిగిలింది నానమ్మ పెట్టిన పేరు చెప్పింది. నేను చేసిన ఫోటోకి గీతా లేదు, పేరూ లేదు. అక్కావాళ్ళింట్లో దాన్ని 'పెళ్ళి ఫోటో' అంటారు.

మా ఆఫీసులో ఒకబ్బాయి ఈ మాట వింటే ఊరుకోడు. కింద చిన్నగా 'కూర్చిన చిత్రం' అని రాసేస్తే సరిపోదా అంటాడు. ఎక్కడ రాస్తావు నాయనా? వాట్సాప్‌లో రెండు చేతులు మారేసరికి కింద అంగుళం కోసేస్తారు. ముఖాన్ని ఎవరూ కొయ్యరు, కాబట్టి ఆనవాలు ముఖం పక్కనే ఉండాలి. భుజం మీద ఉండాలి. ఫోటో ఎప్పుడు నిజం చెప్పింది, రీటచ్ చేసి మచ్చలు తీసినవన్నీ అబద్ధాలేనా అని ఇంకోమాట. మచ్చ తీస్తే మనిషి బాగుపడతాడు. లేనివాణ్ణి నిలబెడితే ఆ రోజే మారిపోతుంది.

ఈ ఊరి గోడలు ఈ విషయంలో మా ఆఫీసు కంటే నయం. కోడంబాకం బ్రిడ్జి దిగాక ఏ గోడ చూసినా పోస్టరు మీద పోస్టరు, దాని మీద ఇంకోటి, మైదా జిగురుతో. వానకి ఒక మూల ఊడితే కింద పాత హీరో చెవి, దాని కింద ఎవరిదో ఎన్నికల నవ్వు. ఆ జిగురు కోసం ఆవులొచ్చి నాకి మూడో పొర కూడా బయటపెడతాయి. మధ్యమధ్యలో కణ్ణీర్ అంజలి పోస్టర్లు. పోయినాయన రేషన్ కార్డు ఫోటోలోంచి ముఖం తీసి కోటు, టై ఉన్న ఒంటి మీద పెడతారు. మెడ దగ్గర రంగు కలవదు. జీవితంలో కోటు వేసుకోని మనిషి అని వీధంతటికీ తెలుసు. వీధిని మోసం చెయ్యడానికి కాదు, ఆయన్ని సాగనంపడానికి ఆ కోటు. నాకు అందులో తప్పేమీ కనబడదు. 2018లో పోయిన కరుణానిధి 2024 జనవరిలో తెర మీదికొచ్చి నల్లకళ్ళద్దాలు, పసుపు కండువాతో మాట్లాడారు, ఏఐ పుణ్యమా అని. అప్పటికి ఆయన లేరని ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి సరిపోయింది. అందరికీ తెలియని తాతయ్యల మాటేమిటి?

ఈ సంక్రాంతికి అమ్మకి డెబ్బై నిండాయి. అందరం గ్రూపు ఫోటో దిగాం. రెండోరోజే అమ్మ అడిగింది, "మీ నాన్నని కూడా పెట్టవే. వెనకాల ఎక్కడైనా."

సరే, ఈసారి నా సిద్ధాంతం ప్రకారం చేద్దామనుకున్నాను. కొయ్యలేదు. కలిపాను. నాన్నని నలభై శాతం మీద ఉంచి అమ్మ వెనక నిలబెట్టాను, ఆయన లాల్చీలోంచి కిటికీ కనబడేలా. పాత సినిమా అంతరాత్మలా. నాకైతే కళ్ళు చెమర్చాయి. అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా, దూరంగా చూసింది.

"ఇదేంటే, సాంబ్రాణి పొగలో నిలబెట్టావు? బతికున్నన్నాళ్ళూ ఒక్కరోజు ఇంత పల్చగా లేరు మీ నాన్న."

పధ్నాలుగేళ్ళ అనుభవం, గాల్టన్, మెలియెస్, అందరూ ఆ ఒక్క మాటతో పోయారు. మళ్ళీ కూర్చున్నాను. చివరికి చేసింది మా గూడూరు స్టూడియో ఆయన చేసేదే. ఫోటో పై మూలన కోడిగుడ్డు ఆకారంలో ఒక చోటు వదిలి, చుట్టూ తెల్లటి మబ్బు, మధ్యలో నాన్న. బాబాయి కూతురి పెళ్ళి ఫోటోలోంచే, మెడ దాకా. వెలుగు ఎటు నుంచి వస్తోందో అటు నుంచే వదిలేశాను. అంచు గట్టిగా కోసి, కొంచెం ముదురు గీత కూడా ఇచ్చాను. ఆఫీసులో ఇలాంటిది పంపితే ఆ రోజే ఉద్యోగం పోతుంది. అమ్మ మాత్రం "ఇది బాగుంది" అంది. ఫ్రేము కట్టే కుర్రాడు, వడపళని గుడి సందులో, "అక్కా, ఈ మబ్బు తీసేసి నీట్‌గా చేసిస్తాను, పది నిమిషాలు" అన్నాడు. వద్దన్నాను.

ఫ్రేము తెస్తుంటే దారిలో కెమెరా తాతగారు ఆపి చూశారు. "వెలుగు తప్పిందమ్మాయ్. వీళ్ళందరికీ కుడి నుంచి, మీ నాన్నకి ఎడమ నుంచి."

"తెలుసు తాతగారూ."

"తెలిసీ వదిలేశావా?" అన్నారు. ఇంకోసారి చూసి, "ఎక్స్‌పోజర్ మాత్రం సరిపోయింది" అని నా చేతికిచ్చేశారు.

అక్క హాల్లో కాన్వాసు అలాగే ఉంది. తీసెయ్యమని నేను అడగలేదు, తీసేస్తానని అదీ అనలేదు. పాప మాత్రం అమ్మావాళ్ళింట్లో కొత్త ఫోటో ముందు కుర్చీ వేసుకుని ఎక్కింది. మబ్బు చుట్టూ వేలు పెట్టి జరిపింది.

"పిన్నీ, ఈ తాతయ్యని ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"చిన్నతాతయ్యావాళ్ళ ఇంట్లో పెళ్ళి ఫోటోలోంచి."

కాసేపు ఆలోచించింది. "అయితే అక్కడ ఇప్పుడు ఖాళీగా ఉంటుందా?"

"లేదు," అన్నాను, "అక్కడా ఉన్నారు."